డాలర్లు అడుగంటిన దేశం తన కాళ్ల మీద తాను నిలబడగలదా?

ప్రశ్న: పరకాల విద్యార్థిని

అందరికీ నమస్కారం. మాది పరకాల దగ్గరి పల్లె. హనుమకొండలో అర్థశాస్త్రం ఎం.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాను. పోయిన ఆదివారం మా ఊరి గ్రంథాలయంలో పదిమందిమి కూర్చున్నప్పుడు 2022 నాటి శ్రీలంక ముచ్చట వచ్చింది. పెట్రోలు కోసం రాత్రింబవళ్లు వరుసల్లో నిలబడిన మనుషులనూ, అచ్చు వేయడానికి కాగితం లేక వాయిదా పడిన బడి పరీక్షలనూ, వంటగ్యాసు దొరకక మళ్లీ కట్టెలు రాజేసుకున్న పట్నపు ఇళ్లనూ తలచుకుంటుంటే, మాకు బాబాయి వరసయ్యే ఒక పెద్దాయన, "బయటి సరుకు మొత్తం బంద్ పెట్టి, కావలసినవన్నీ మనమే తయారు చేసుకుంటే ఏ దేశానికైనా ఈ తిప్పలు తప్పుతాయి" అన్నారు. ఆ మాటలో నిజం ఉందనిపించింది గానీ, అది ఎక్కడి దాకా నిజమో నాకు తేలలేదు.

నా సందేహాలు ఇవి. ఒక దేశం సంక్షోభంలో చిక్కుకున్న తరువాత, అంటే డాలర్లు అయిపోయి, సొంత కరెన్సీ విలువ రోజురోజుకూ జారిపోతున్న సమయంలో, స్వయంసమృద్ధి సాధించడం అసలు వీలయ్యే పనేనా? వీలైతే ముందు ఏ పని చేయాలి, తరువాత ఏ పని చేయాలి? 1991లో మన దేశం బంగారం కుదువపెట్టి బయటపడడాన్ని స్వావలంబన వైపు వేసిన అడుగు అనుకోవాలా, స్వావలంబనను వదులుకోవడం అనుకోవాలా? నేను పరీక్ష కోసం అడగడం లేదు. మా నాన్న పత్తి పండిస్తారు. ఎనుమాముల మార్కెట్లో క్వింటాలుకు పలికే ధర మీద ఎక్కడో న్యూయార్క్ వాయిదా వ్యాపారపు నీడ పడుతుందని తెలిసిన నాటి నుంచి, మన కాళ్ల మీద మనం నిలబడడం అంటే ఏమిటో సరిగ్గా తెలుసుకోవాలని ఉంది.

జవాబు: విశ్రాంత అధ్యాపకుడు, హనుమకొండ

అమ్మా, మీ బాబాయి గారి మాటలోని నిజం ఎక్కడ ఆగిపోతుందో చూపడానికి 1991 చాలు. ఆ ఏడు నేను డిగ్రీ కళాశాలలో పాఠాలు చెబుతున్నాను కనుక ఆ రోజులు నాకు చదివి తెలిసినవి కావు.

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లోకి చొరబడిన తరువాత కొద్ది నెలల్లోనే ముడిచమురు ధర రెట్టింపయింది. గల్ఫ్ నుంచి మనవాళ్లు పంపే డబ్బు తగ్గింది. ప్రవాసులు మన బ్యాంకుల్లో దాచుకున్న డిపాజిట్లను వెనక్కి తీసుకోసాగారు. అంతకుముందు ఏళ్లలో కొద్దికాలపు గడువుతో తెచ్చిన విదేశీ అప్పులను తిరిగి కొనసాగించడానికి అప్పులవాళ్లు ఒప్పుకోలేదు. 1991 జూన్ నాటికి మన దగ్గర మిగిలిన విదేశీ మారకద్రవ్యం సుమారు 120 కోట్ల డాలర్లు. అది రెండు మూడు వారాల దిగుమతులకు సరిపోయేంత మాత్రమే.

చాలామంది మరచిపోయే సంగతి ఏమిటంటే, మీ బాబాయి గారు చెప్పిన మందును దేశం అప్పుడు నిజంగానే వాడి చూసింది. సరుకు తెప్పించుకోదలచిన వ్యాపారి ముందుగా బ్యాంకులో నగదు కట్టాలని 1990 అక్టోబరులో రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టి, దాన్ని పెంచుకుంటూ పోయి, 1991 ఏప్రిల్ నాటికి సరుకు విలువకు రెట్టింపు, అంటే 200 శాతం, కట్టాలని చెప్పింది. దిగుమతులు తగ్గాయి. కానీ ఏవి తగ్గాయి? మన దేశం బయటినుంచి తెచ్చుకునే వాటిలో ఎక్కువ భాగం నేరుగా వాడుకునే వస్తువులు కావు. అవి ఇక్కడ మరో వస్తువు తయారు చేయడానికి కావలసిన రసాయనాలు, యంత్రభాగాలు, లోహాలు, చమురు. అవి రాకపోయేసరికి కర్మాగారాలు నెమ్మదించాయి, వాటితో పాటు ఎగుమతులూ నెమ్మదించాయి, అంటే కొత్త డాలర్లు వచ్చే దారి కూడా ఇరుకయింది. 1991-92లో దేశ ఆర్థిక వృద్ధి 1.5 శాతానికి లోపే ఆగిపోవడానికి ఇదొక పెద్ద కారణం. తలుపు మూసుకుంటే దొంగ రాడన్నది నిజమే గానీ, ఆ తలుపు గుండానే మనం పొలానికి కూడా పోవాలి.

ఇక బంగారం. 1991 మేలో స్టేట్ బ్యాంకు ద్వారా 20 టన్నులను, తిరిగి కొనుక్కునే షరతు మీద, ఒక స్విస్ బ్యాంకుకు అమ్మారు. జూలైలో రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నులను బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర పెట్టి 40 కోట్ల డాలర్లకు పైగా అప్పు తెచ్చింది. అదే నెల 1న, 3న రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గించారు. 24న కొత్త పారిశ్రామిక విధానమూ, మన్మోహన్ సింగ్ బడ్జెటూ ఒకే రోజు వచ్చాయి. అప్పటికి ప్రధాని మన వంగర బిడ్డ పి.వి. నరసింహారావు గారు బాధ్యత చేపట్టి ఐదు వారాలు కూడా నిండలేదు. బంగారం తాకట్టు పెట్టడాన్ని అవమానంగా భావించి బాధపడిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. ఇన్నేళ్ల తరువాత చూస్తే, ఆ బంగారంతో దేశం కొన్నది నాలుగు నెలల సమయం అనిపిస్తుంది. తాకట్టు విడిపించిన దేశమే 2009 నవంబరులో అంతర్జాతీయ ద్రవ్యనిధి దగ్గర 200 టన్నుల బంగారాన్ని కొన్నది.

నీ మూడో ప్రశ్నకు అసలు సమాధానం మరోచోట ఉంది. 1991లో డాలర్లు లేవు గానీ, బువ్వకు కరువు రాలేదు. రేషన్ దుకాణంలో బియ్యం ఆగలేదు. 1965, 1966 సంవత్సరాలలో వరుస కరువులు వచ్చినప్పుడు పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నం; 1966లో కోటి టన్నులకు పైగా ధాన్యం దిగుమతి చేసుకున్నాం, అందులో అధికభాగం అమెరికా గోధుమలే, ఒక్కో ఓడ ఎప్పుడు కదులుతుందో అక్కడి అధ్యక్షుడు లిండన్ జాన్సన్ నిర్ణయించేవాడు. ఆ దశకపు తిండి కటకటలోనే వేళ్లూనుకున్నాయి భారత ఆహార సంస్థ గోదాములు, మద్దతు ధర, కొత్త వంగడాలు. పాతికేళ్ల ముందు పడిన ఆ కష్టమే 1991లో మనల్ని కాపాడింది. గమనించవలసిన మరో సంగతి, ఆ స్వయంసమృద్ధి కూడా తలుపులు మూసుకొని సాధించినది కాదు; 1966లోనే మెక్సికో నుంచి 18,000 టన్నుల గోధుమ విత్తనం ఓడల మీద తెప్పించారు. తిండిగింజలు కొనడం తగ్గాలంటే విత్తనం కొనవలసి వచ్చింది.

జవాబు: జగిత్యాల రైతు

చెల్లె, మాస్టారు చెప్పిన దానికి పొలం వైపు నుంచి కొంత చేర్చాలనిపించింది.

శ్రీలంక ప్రభుత్వం 2021 మే నెలలో రసాయనిక ఎరువుల దిగుమతిని ఒక్క కలంపోటుతో నిషేధించింది. ఆరోగ్యం, సేంద్రియ సేద్యం అన్న పేర్లు చెప్పినా, ఎరువుల మీద పోయే డాలర్లను మిగుల్చుకోవాలన్నది కూడా ఒక ఉద్దేశమే. అప్పటి వరకు ఆ దేశం తన బియ్యం తానే పండించుకునేది. వరి పిలకలు వేసే దశలో నత్రజని అందకపోతే ఏమవుతుందో ఏ రైతునడిగినా చెబుతాడు. ఆ తరువాతి పెద్ద పంట కాలంలో వడ్ల దిగుబడి అంతకుముందటి ఏడుతో పోలిస్తే మూడో వంతుకు పైగా పడిపోయింది. నవంబరులోనే నిషేధం ఎత్తివేసినా అదను దాటిపోయింది. ఎరువు కొనకుండా మిగుల్చుకున్న డాలర్లు చివరికి బియ్యం కొనడానికి పోయాయి. తేయాకు దిగుబడి కూడా తగ్గి, వచ్చే డాలర్లకు గండి పడింది. నేను సేంద్రియానికి వ్యతిరేకిని కాను. మా పొలంలో జీలుగ, జనుము చల్లి పూత దశలో కలియదున్ని, పశువుల పెంట తోలి, యూరియా వాడకాన్ని సగానికి తెచ్చుకోవడానికి నాకు మూడు వానాకాలాలు పట్టింది. రెండు ఎకరాల మడికే మూడేళ్లు పడితే, ఒక దేశానికి ఒక్క వానాకాలం ఎట్లా చాలుతుంది?

మన రామగుండం కథ కూడా ఇక్కడ చెప్పుకోవాలి. పాత ఎరువుల కర్మాగారం సింగరేణి బొగ్గుతో యూరియా తయారు చేయాలని కట్టినది. ఆలోచన చాలా గొప్పది: మన నేల కింది బొగ్గు, మన పొలానికి ఎరువు. కానీ సాంకేతిక ఇబ్బందులు, విద్యుత్తు అంతరాయాలు, పెరిగిన నష్టాలతో 1999లో అది మూతపడింది. ఇప్పుడు అదే చోట నిలిచిన కొత్త కర్మాగారం 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది, ఏడాదికి 12.7 లక్షల టన్నుల సామర్థ్యం దానిది, అయితే అది నడిచేది గొట్టపుమార్గంలో వచ్చే సహజవాయువుతో. దేశంలోని యూరియా కర్మాగారాలు వాడే వాయువులో పెద్దభాగం ద్రవరూపంలో ఓడల మీద వచ్చేదే. పొటాష్ అయితే మొత్తం బయటినుంచే రావాలి. యూరియా బస్తా మీద మన ఊరి పేరున్నంత మాత్రాన మనం స్వయంసమృద్ధులం కాలేదు, కాకపోతే మన ఆధారం ఒక మెట్టు వెనక్కి జరిగింది. ఆ ఒక్క మెట్టు కూడా విలువైనదే, ఎందుకంటే వాయువును దీర్ఘకాలపు ఒప్పందాల మీద కొనుక్కోవచ్చు, పైగా పని ఇక్కడి వాళ్లకు దొరుకుతుంది.

నాకు అన్నిటికన్నా మనసు కలచివేసేది నూనె సంగతి. 1986లో కేంద్రం నూనెగింజల కోసం ఒక ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టింది. మంచి విత్తనం ఇచ్చారు, ధరకు అండగా నిలిచారు, బయటి నూనెను కట్టడి చేశారు. 1985-86లో 108 లక్షల టన్నులున్న నూనెగింజల ఉత్పత్తి 1990ల నడుమకు రెట్టింపు దాకా పెరిగి, దేశానికి కావలసిన వంటనూనెలో దాదాపు అంతా ఇక్కడే దొరికే స్థితి వచ్చింది. అంటే డాలర్లకు కటకటగా ఉన్న ఆ సంవత్సరాల్లోనే, ఒక సరుకు విషయంలో మనం నిజంగా మన కాళ్ల మీద నిలబడ్డాం. తరువాత 1994లో పామాయిల్ దిగుమతికి తలుపులు తెరిచి, ఆ మీదట కొన్నేళ్ల పాటు సుంకం తగ్గించుకుంటూ పోయారు. చవక నూనె దుకాణాలకు వచ్చింది, పల్లి, నువ్వులు, కుసుమలు వేసే రైతు వెనకడుగు వేశాడు. ఇవాళ మనం వాడే వంటనూనెలో సగానికి పైగా ఇండోనేషియా, మలేషియా, అర్జెంటీనా, ఉక్రెయిన్, రష్యాల వంటి దేశాల నుంచి వస్తున్నది. సాధించడానికి ఎనిమిదేళ్లు పట్టినది చేజారడానికి అంతకన్నా తక్కువ కాలమే పట్టింది. కొనేవాడికి ధర భారం కాకూడదన్న మాట సరైనదే, నేనూ నూనె కొని తినేవాణ్ణే. కానీ ఆ ధర తగ్గింపు మొత్తం మెట్ట రైతు నెత్తి మీద పెట్టవలసిన అవసరం లేదు.

శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ కింద మేము ఏడాదికి రెండు పంటలు వడ్లు పండిస్తున్నాం. దేశం తినగా మిగిలిన బియ్యం ఎగుమతి అవుతున్నది. అదే ఊళ్లో కందిపప్పు మొజాంబిక్ నుంచో, మయన్మార్ నుంచో వచ్చినది కొంటున్నాం. ఇది రైతు తప్పు కాదు. వడ్లకు కొనుగోలు కేంద్రం ఉంది, కందులకు ఆ నమ్మకం లేదు.

జవాబు: కోరుట్ల, గల్ఫ్ నుంచి తిరిగి వచ్చినవాడిని

మాస్టారు చెప్పిన 1990 ఆగస్టులో నేను కువైట్‌లో ఒక గోదాములో పని చేస్తున్నాను. చేతిలో ఉన్న దినార్లు ఎవరూ తీసుకోని కాగితాలైపోయిన రోజు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. బస్సుల్లో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరి, అమ్మాన్‌లో గుడారంలో ఎదురుచూసి, మన విమానంలో ఇల్లు చేరాను. అట్లా చేరవేసిన వాళ్లం దాదాపు 1,70,000 మందిమి. మా ఇంటికి నెలనెలా వచ్చే డబ్బు ఆగిపోవడమూ, దేశానికి డాలర్లు ఆగిపోవడమూ ఒకే సంగతి అని అప్పుడు తెలియదు.

ఇప్పుడు ప్రవాసులు ఏటా పంపేది 10,000 కోట్ల డాలర్లు దాటింది, అందులో మూడో వంతుకు పైగా గల్ఫ్ దేశాల నుంచే వస్తుంది. చమురు కొనడానికి మనం మనుషులను పంపుతున్నామన్న మాట కఠినంగా వినిపించినా నిజం. కాబట్టి స్వయంసమృద్ధి గురించి లెక్క వేసేటప్పుడు బయటికి పోయిన మనుషులను కూడా ఆ లెక్కలో వేయాలి.

ఒక్క సంగతి అనుభవంతో చెబుతాను. డబ్బు ఇంటికి పంపడానికి రెండు దారులుంటాయి: బ్యాంకు, హుండీ. హుండీ అంటే బ్యాంకు లెక్కల్లోకి రాకుండా దళారి చేతుల మీదుగా డబ్బు చేరవేయడం. బ్యాంకు ఇచ్చే రేటుకూ, హుండీ వాడు ఇచ్చే రేటుకూ తేడా పైసల్లో ఉంటే పనివాడు బ్యాంకుకే పోతాడు. తేడా రూపాయల్లోకి వచ్చిందా, ఎంత దేశభక్తి ఉన్నా, ఇంటి దగ్గర అప్పు ఉన్నవాడు హుండీకే పోతాడు. శ్రీలంకలో జరిగింది ఇదే. 2021లో తమ రూపాయి విలువను ప్రభుత్వం కృత్రిమంగా పట్టి ఉంచేసరికి, 2020లో 700 కోట్ల డాలర్లు దాటిన ప్రవాసుల డబ్బు 2022కు 400 కోట్ల లోపుకు పడిపోయింది. అక్కడి పనివాళ్లు పంపడం మానలేదు, దారి మార్చారు. కష్టకాలంలో తమ కరెన్సీ విలువ గురించి ప్రభుత్వం నిజం చెప్పకపోతే, సొంత బిడ్డల డాలర్లే ఖజానాకు చేరవు.

మళ్లీ అడుగుతున్నాను: పరకాల విద్యార్థిని

మాస్టారూ, అన్నలూ, మీ జవాబులను రెండేసి సార్లు చదివాను. అయితే నా మొదటి ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. పంటలకు, గోదాములకు, కర్మాగారాలకు ఏళ్లు పడతాయని మీ మాటల్లో తేలింది. ఇప్పటికే మునిగిన దేశానికి ఆ ఏళ్లు లేవు గదా? రేపు పొద్దున ఓడరేవులో చమురు ఓడ నిలబడి, డబ్బు కడితే తప్ప దించనంటే ఆ దేశం ఏం చేయాలి?

జవాబు: విశ్రాంత అధ్యాపకుడు, హనుమకొండ

సరైన చోట పట్టుకున్నావమ్మా. నా దృష్టిలో అన్నిటికన్నా ముందు చేయవలసినది, ఉన్న కొద్ది డాలర్లు ఎవరికి ముందు చెందాలో తేల్చడం. 2022 జనవరిలో శ్రీలంక 50 కోట్ల డాలర్ల విదేశీ బాండ్ల బాకీ అణాపైసలతో తీర్చింది. మాట తప్పని దేశమన్న పేరు నిలుపుకోవాలన్నది వారి ఉద్దేశం. ఏప్రిల్ 12న చెల్లింపులు ఆపేస్తున్నామని ప్రకటించే నాటికి మందులకు, పెట్రోలుకు డాలర్లు మిగలలేదు. ఎట్లాగూ ఆపక తప్పదని తెలిసినప్పుడు, మూడు నెలల ముందే అప్పులవాళ్లను పిలిచి కూర్చోబెట్టి ఉంటే ఆ 50 కోట్లు ఆసుపత్రులకు దక్కేవి. పేరు పోతుందన్న భయంతో ఆలస్యం చేసిన ప్రతి దేశమూ పేరునూ, డాలర్లనూ రెంటినీ పోగొట్టుకుంది.

దానితో పాటే చేయవలసినది, డబ్బు బయటికి పారిపోకుండా గట్టు వేయడం. 1998 సెప్టెంబరులో మలేషియా తన రింగిట్‌ను డాలరుకు 3.80 దగ్గర కట్టివేసి, విదేశీ మదుపు ఏడాది దాకా బయటికి పోకుండా ఆపింది. అప్పట్లో దాన్ని తప్పుపట్టని నిపుణుడు అరుదు. ఆ దేశం మాత్రం కోలుకుంది. ఐస్‌లాండ్‌లో 2008 అక్టోబరులో మూడు పెద్ద బ్యాంకులూ వారం తిరగకుండా కూలిపోయాయి, నవంబరులో వేసిన ఆంక్షలను 2017లో గానీ పూర్తిగా తీయలేదు. సరుకుల వ్యాపారాన్ని తెరిచి ఉంచి, డబ్బు పరుగును మాత్రం ఆపడం ఈ రెండు చోట్లా కనిపించే పద్ధతి. మీ బాబాయి గారి "బంద్" అన్న మాట సరుకుకు కాక ఈ డబ్బుకు వర్తింపజేస్తే ఆయనతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. ఐస్‌లాండ్ క్రోనా విలువ దాదాపు సగం పడిపోవడంతో వారి చేపలు, పర్యాటకం బయటివారికి చవకై డాలర్లు తెచ్చాయి, అదే సమయంలో విదేశీ కరెన్సీతో ముడిపెట్టిన ఇంటి అప్పులు తీసుకున్న సామాన్యులు నలిగిపోయారు. అందుకే కరెన్సీ విలువ తగ్గించే రోజునే రేషన్, పేదలకు నగదు సాయం కూడా మొదలుకావాలి. తరువాత చూద్దామంటే కుదరదు.

దిగుమతుల విషయంలో, పొలానికీ ప్రాణానికీ కావలసినవి ముందు, డాలర్లు తెచ్చిపెట్టే పరిశ్రమకు కావలసినవి ఆ వెంట, మిగతావన్నీ చివర. జగిత్యాల తమ్ముడు చెప్పిన ఎరువుల నిషేధంలో జరిగిన తప్పు, మొదటి వరుసలో ఉండవలసిన దాన్ని చివరి వరుసలోకి నెట్టడమే. సోవియట్ యూనియన్ కూలి చమురు ఆగిపోయినప్పుడు క్యూబా ట్రాక్టర్లు వదిలి ఎద్దులు కట్టింది, పట్టణాల్లోని ఖాళీ జాగాల్లో కూరగాయలు పెంచింది. ఆ జనం పట్టుదలకు నమస్కరించాలి, అయినా తిండిలో అధికభాగం ఆ దేశం నేటికీ బయటినుంచే కొంటున్నది.

జవాబు: ములుకనూరు సంఘ సభ్యుడు

మాస్టారు వంగర పేరెత్తారు కనుక, అదే భీమదేవరపల్లి మండలం నుంచి ఒక మాట. మా ములుకనూరు సహకార గ్రామీణ బ్యాంకు 1956లో మొదలైంది. సభ్యుల పొదుపు సభ్యులకే అప్పుగా పోతుంది, వడ్లు, పత్తి సంఘమే కొంటుంది, విత్తనం సంఘమే శుద్ధి చేస్తుంది. బయటి షావుకారి దయ మీద ఆధారపడకుండా నడవడానికి మూలం ఏమిటని అడిగితే, అప్పు ఇచ్చేవాడూ తీసుకునేవాడూ ఒకే ఊరివాళ్లు కావడమే అంటాను. దేశానికైనా అదే లెక్క వర్తిస్తుందని నా నమ్మకం. జపాన్ ప్రభుత్వపు అప్పు దాని వార్షిక జాతీయోత్పత్తికి రెట్టింపు దాటింది, కానీ అది యెన్లలో, అధికభాగం సొంత ప్రజలకూ సొంత సంస్థలకూ బాకీ. శ్రీలంక అప్పు అంత పెద్దది కాదు, అయితే 2007 నుంచి డాలర్ల బాండ్లు అమ్మి తెచ్చుకున్నది కనుక, తన నోటును అచ్చు వేసి తీర్చే వీలు లేకపోయింది. అందుకు తోడు 2019 చివర పన్నులు బాగా తగ్గించుకొని సొంత ఆదాయాన్ని కూడా పోగొట్టుకుంది. పన్ను కట్టడం, ఇంటిలో పొదుపు చేయడం అనేవి స్వావలంబన ఊసులో ఎవరూ ఎత్తని మాటలు. మొదట ఎత్తవలసినవి అవే.

పరకాల విద్యార్థిని

అందరికీ ధన్యవాదాలు. మీ జవాబులను మా బాబాయి గారికి చదివి వినిపించాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు, తరువాత డబ్బుకు గట్టు వేయాలన్న మాట మళ్లీ ఒకసారి చదవమన్నారు. జగిత్యాల అన్న రాసిన నూనె సంగతి విని నాన్న, మా చెలకలో పత్తి రాకముందు పల్లికాయ, గట్ల మీద నువ్వులు వేసేవాళ్లమని, ఊరి చివర గానుగ ఉండేదని, పిండి చెక్క బర్రెలకు పెట్టేవాళ్లమని చెప్పారు. అది ఏ ఏడు ఆగిపోయిందో ఆయనకు సరిగ్గా గుర్తు లేదు. "కొనేటోడు రాలేదు, మేము వేయలేదు" అన్నారు. ఈ యాసంగికి బోరు కింద అర ఎకరం నువ్వులు వేసి చూస్తారట. అన్నా, మీ దగ్గర మంచి విత్తనం ఏ రకం నడుస్తున్నదో, కోసిన తరువాత ఎక్కడ అమ్ముతున్నారో దయచేసి రాయండి.

జగిత్యాల రైతు

చెల్లె, విత్తనం మా దగ్గరి పొలాస పరిశోధనా స్థానంలో అడిగితే చెబుతారు, రకం పేరు నేను కూడా కనుక్కొని రాస్తాను. జనవరి దాటనివ్వకుండా విత్తమని నాన్న గారికి చెప్పు, మెత్తటి దుక్కి కావాలి, నీళ్లు నిలవకూడదు. అమ్మకం సంగతి మాత్రం విత్తే ముందే చూసుకోవాలి. మీ ఊళ్లో ఇంకో పదిమంది వేస్తే ఒక లారీ నిండుతుంది, అప్పుడు కొనేవాడు తానే వస్తాడు. ఒక్కరే వేస్తే సంచి మోసుకొని మనమే తిరగాలి.